అరచేతిలో మెయిన్ ఫ్యాను

జూన్ 11, మంగళవారం

ఇది రాయకపోయినా గడిచిపోయేది. పెన్ను కోసం ఒకసారి, కళ్ళజోడు కోసం ఇంకోసారి లేవాలి. అరవై తొమ్మిదేళ్ళ మనిషి రెండుసార్లు లేవాల్సినంత సంగతి ఇందులో ఏముందని మంచం మీదే కాసేపు కూర్చుండిపోయాను. కానీ ఫ్యాను మీద చెయ్యి వేయబోతూ పుస్తకంలో ఎక్కించకుండా ఉండటం ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు అలవాటు కాలేదు.

బొగ్గుబాయి మీద మెయిన్ ఫ్యాను నడిపాను నేను. ఆ ఫ్యాను ఊదితేనే కింద ఆరువందల మందికి ఊపిరి. గంట గంటకూ బేరింగు వేడి ఎంత, మోటారు కరెంటు ఎంత తాగుతోంది అని రాసి కింద సంతకం పెట్టాలి. "చప్పుడు" అనే గడి ఆ పుస్తకంలో లేదు. అంచు మీద గీత కొట్టి నేనే చేర్చుకున్నాను. దాన్ని చూసి నవ్విన ఇంజనీరు కూడా తర్వాత తర్వాత ముందు ఆ గడే చూసేవాడు. రిటైరైన రోజు ఒక ఖాళీ లాగ్‌బుక్ నా సంచిలో పడి మా ఊరు లక్సెట్టిపేట దాకా వచ్చింది. దానంతట అదే పడింది. ఇదే అది.

ఇక సంగతి. ల్యాప్‌టాప్ మా కోడలు జమునది. మా కొడుకు సంపత్ షార్జాలో ఏసీలు బిగించే పని చేస్తాడు, పోయినసారి వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళ పిల్లలు ఇద్దరికి జమున అందులో తెలుగు చెబుతుంది. చక్కగా చెబుతుంది. ఆ పిల్లలు తెలుగు చదవడం, నేను బాయిలో ఇంగ్లీషు సూచికలు చదివినదాని కంటే నయం. ఇప్పుడు ఒక ఆన్‌లైన్ బడివాళ్ళు ఆమెను టీచరుగా పెట్టుకుందామనుకుంటున్నారు. మే నెలలో ఒక పరీక్ష క్లాసు చెప్పించుకుని, చెప్పడం బాగుంది గానీ వెనక ఏదో పిండి గిర్ని నడుస్తోంది, మాట వినపడటం లేదని తిప్పి పంపారు. బతిమాలితే ఇంకొక్క క్లాసుకు ఒప్పుకున్నారు. ఈ ఇరవై రెండు, శనివారం, పొద్దున పదకొండు గంటలకు. అది పోతే ఇక లేదు.

ఈ రోజు మంచిర్యాల పోయి షాపులో చూపించుకుని వచ్చింది. ఫ్యాను పోయిందట. కొత్తది రావడానికి పన్నెండు రోజులట.

"పన్నెండు రోజులంటే ఇరవై మూడు మామయ్యా," అంది.

"ఫ్యాను బాగు చేయనీకి ఈ ఇంట్లకెల్లి మంచిర్యాల పోతరా బిడ్డా? నలుగురు వింటే నవ్వుతరు. ఇటు తే," అన్నాను.

నడిపించి కుడి చెవికి ఆనించి విన్నాను. ఎడమ చెవికి ఆనించి విన్నాను. చప్పుడే లేదు. వేడి మాత్రం ఉంది.

"చప్పుడు లేకపోవుడేంది మామయ్యా, ఇంజిన్ తీర్గ మొత్తుకుంటుంటే," అని జమున గట్టిగా అంది. ఈ కాలం పిల్లలకు చెవులు మరీ సున్నితం. బాయి మీద ఒక్క షిఫ్టు నిలబడితే తెలిసేది.

చప్పుడు లేదు, వేడి ఉంది. అంటే దుమ్ము. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. వంటింట్లోంచి నా భార్య బుచ్చవ్వ ఏదో అంది. ఊఁ అన్నాను. మా ఇంట్లో అందరికీ ఈ మధ్య నోట్లోనే మాట్లాడుకునే అలవాటైంది. టీవీ కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నట్టుంది.

జూన్ 12, బుధవారం

విప్పాను.

అడుగున పదకొండు స్క్రూలు. రెండు పొట్టివి. అట్టముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మూలది ఆ మూల గుచ్చాను. మొట్టమొదట బ్యాటరీ వైరు ఊడదీశాను. బాయిలో స్విచ్చు కట్టేసి "మనుషులు పనిలో ఉన్నారు" అని ఎర్ర అట్ట తగిలిస్తేగాని ఫ్యాను ఇంట్లోకి అడుగు పెట్టేవాళ్ళం కాదు. అదే మాట రాసి మా స్విచ్చుబోర్డుకు తగిలించాను. బుచ్చవ్వ చదివి, ఉన్నది ఒక్క మనిషే కదా అన్నట్టు చూసింది.

ఇక ఫ్యాను. ఊరగాయ సీసా మూతంత ఉంది. నేను నడిపిన ఫ్యానులో ఒక్కో రెక్క నా అంత ఎత్తు. ఒకసారి మా షిఫ్టు అధికారి ఓవర్‌మెన్ కొత్త తువ్వాల భుజం మీద వేసుకుని దాని మూతి దగ్గర నిలబడి నాకు నీతులు చెబుతున్నాడు. తువ్వాల పోయింది. మనిషి ఉన్నాడు. తర్వాత పదేళ్ళు ఆయన నా దగ్గరకు ఏ తువ్వాల లేకుండానే వచ్చాడు. అట్లాంటి దాన్ని నడిపినవాడి చేతిలో ఇది కూర్చుంది, పిచ్చుక పిల్లలా.

గాలి బయటికి పోయే రాగి పళ్ళ వెనక మెత్త పెట్టినట్టు దూది. గీకి తీస్తే నెల రోజులు దీపం వత్తులకు సరిపోయేంత వచ్చింది. జమున మంచం మీద కూర్చుని ఒళ్ళో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పాఠం చెబుతుంది. దిండులో దూది కాస్తా ఇందులోకి చేరింది. ఇది కనిపెట్టడానికి షాపువాడికి పన్నెండు రోజులు కావాలట.

రెక్కలు వేలితో ఆపి పట్టుకుని, పెయింటు బ్రష్షుతో ఊడ్చాను. ఆపకుండా ఊదితే అది ఇష్టం వచ్చినట్టు తిరిగి బేరింగు పాడవుతుంది. నడిమి చక్రం మెల్లగా లాగితే ఊడి వచ్చింది. లోపల చమురు ఎండిపోయి నల్లగా జిగట. కడిగి ఆరబెట్టాను. మిగతాది రేపు.

జూన్ 13, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. పుస్తకం ఉన్నది అందుకే.

పొద్దున జమున బట్టలు మడత పెడుతూ ఏదో అంది. ఊఁ అన్నాను. సాయంత్రం ఐదింటికి చీర మార్చుకుని, తల దువ్వుకుని, పుస్తకం పట్టుకుని వచ్చి నిలబడింది. ల్యాప్‌టాప్ నా ముందు పేపరు మీద పదమూడు ముక్కలుగా ఉంది.

"ఐదింటికి పిల్లల క్లాసుంది, అప్పటికి బిగిస్తరా, లేకుంటే ఫోన్ చేసి చెప్పన్నా అని పొద్దుగాల అడిగిన. మీరే ఊఁ అన్నరు గద మామయ్యా."

రెండు ప్రశ్నలు కలిపి అడిగితే ఒక్క ఊఁ దేనికని, తప్పు అడగడంలోనే ఉంది అన్నాను. అది న్యాయం కాదని అనేటప్పుడే తెలుసు. అయినా అన్నాను. ఆమె వెనక్కి పోయి ఫోన్‌లో మాట్లాడింది. ఇద్దరు పిల్లల్లో ఒకరి తల్లి, ఇట్లా కావడం ఇది మూడోసారి, ఇక మీరు చెప్పొద్దులెండి అందట. ఈ "అందట" బుచ్చవ్వ నా ముఖం ముందుకు వచ్చి చెప్పినది.

పొద్దున జమున గోడవైపు తిరిగి మాట్లాడింది. గోడకు చెప్పిన మాటకు నేను జవాబుదారీ కాదు.

జూన్ 14, శుక్రవారం

జమున ఈ రోజు నాతో ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే వినపడేది.

జూన్ 15, శనివారం

బిగించాను. ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు, తక్కువ పడలేదు.

బేరింగులో గ్రీజు నిండుగా పెట్టాను. మన దగ్గర ఉన్నదే, మోటారు బేరింగులకు పెట్టేది, డబ్బా అడుగున ఇంకా మంచిగానే ఉంది. బాయిలో గ్రీజు ఎక్కువై చెడిన బేరింగును నేను చూడలేదు, తక్కువై చెడినవి నాలుగు చూశాను. స్విచ్ వేశాను. తిరిగింది. చెవికి ఆనించాను. నిశ్శబ్దం. చప్పుడు గడిలో "లేదు" అని రాశాను.

"చూసినవా," అన్నాను బుచ్చవ్వతో. ఆమె రెండు చెవులు మూసుకుని వంటింట్లోకి పోయింది. మొగుడు గెలిస్తే చూడలేని ఆడవాళ్ళు ఉంటారు.

జూన్ 16, ఆదివారం

ల్యాప్‌టాప్ రెండుసార్లు దానంతట అదే ఆగిపోయింది. మొదటిసారి ఎనిమిది నిమిషాలకు, రెండోసారి ఆరు నిమిషాలకు. అంతకుముందు ఇరవై నిమిషాలన్నా నడిచేదట. కరెంటు సరిగా రావడం లేదు అన్నాను.

చర్చి అయ్యాక బక్కయ్య వచ్చాడు. ఆయన బాయి మీద హాలేజ్ డ్రైవర్, బొగ్గు టబ్బులు లాగే ఇంజను నడిపేవాడు. నాకంటే రెండేళ్ళు ముందు దిగిపోయాడు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని, మా ఇంట్లో చాయ్ తాగితేగాని ఆయనకు ఆరాధన ముగిసినట్టు ఉండదు. వస్తూనే నా కుర్చీ జరిపాడు.

"ఈ పక్కకు కూసోర సిద్దిరాములూ. ఎడమ చెవి నాది బాయి తిన్నది."

ఊరందరికీ అట్లాగే చెప్పుకుంటాడు. సిగ్గు లేదు.

జమున లోపల ల్యాప్‌టాప్ పెట్టింది. బక్కయ్య చాయ్ గ్లాసు పెదవి దగ్గరే ఆపాడు.

"ఏంద్రా గది? పిల్లిని పట్టి రుబ్బుతున్నరా ఇంట్ల?"

"ఏది?"

"ఏదేంది. గా కూత."

"కూత లేదు పాడు లేదు. నేను నిన్ననే బాగు చేసిన."

బక్కయ్య జమునను పిలిచాడు. ల్యాప్‌టాప్ తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టమన్నాడు. పెట్టింది. నేను దాన్ని చూస్తున్నాను, ఆయన నన్ను చూస్తున్నాడు.

"ఇప్పుడు వినవస్తుందా?"

"లేనిది ఏం వినవస్తది?"

ఆయన గ్లాసు కింద పెట్టి, నోరు నా కుడి చెవి దగ్గర పెట్టి, బాయిలో సైరన్ మోగుతుంటే మాట్లాడినట్టు అరిచాడు. "ఒంటి చెవోణ్ణి నేను. నాకే చెవి తూట్లు పడ్తుంది. నీకు రెండు పోయినయ్ రా. ఒప్పుకో, చాయ్ సల్లారుతుంది."

జమున అక్కడే ఉంది. బుచ్చవ్వ గుమ్మంలో ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అంటే ఇద్దరికీ ముందే తెలుసు.

"ఇంక దాన్ని ముట్టకుండ్రి మామయ్యా," అంది జమున. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

జూన్ 17, సోమవారం

వాన. రాయడానికి ఏమీ లేదు.

జూన్ 18, మంగళవారం

వాన పడుతోందని నిన్న రాశానుగానీ అది కిటికీలోంచి చూసి రాసినదే. పెంకుల మీద చప్పుడు లేదు. ఎప్పటి నుంచి లేదో గుర్తు చేసుకుందామని చూశాను. గుర్తు రాలేదు.

తొంభై ఆరులో అనుకుంటా, పై నుంచి ఒక అధికారి వచ్చాడు. థర్మామీటరు పెట్టి బేరింగు భేషుగ్గా ఉందన్నాడు, సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టను అన్నాను. ఇనుపరాడ్ ఒక కొన బేరింగు మీద, ఇంకో కొన చెవికి పెట్టి విన్నాను మరి. అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు ఉంది లోపల. "నువ్వు ఇంజనీరువా?" అన్నాడు. "కాదు సార్, ఏడో తరగతి. కని చెవులు నాయే," అన్నాను. వచ్చిన ఆదివారం జనాన్ని పైకి తెచ్చి ఫ్యాను ఆపి విప్పితే, లోపలి రింగు వెంట్రుకంత చీలి ఉంది. పని నడుస్తుండగా అది తెగి ఉంటే కింద ఆరువందల మంది. ఆ అధికారి నాతో చెయ్యి కలపలేదు. మేనేజర్ కలిపాడు.

చెవుల్లో పెట్టుకోమని మాకు రబ్బరు బిరడాలు ఇచ్చేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు పెట్టుకోలేదు. చెవులు మూసుకుని ఫ్యాను ఎట్లా నడుపుతారు? బుచ్చవ్వ వాటిని నూనె సీసాలకు మూతలుగా వాడింది.

మళ్ళీ ఆ ఉద్యోగం ఇచ్చినా పెట్టుకోను. ఇది కోపంతో రాయడం లేదు.

జూన్ 19, బుధవారం

చెవులు పోతే పోయాయి. వేళ్ళు ఉన్నాయి. పళ్ళున్నాయి, పైన నాలుగు, కింద ఆరు.

పొద్దున్నే జమున దగ్గరకు పోయి నిలబడ్డాను. "గ్రీజు పెట్టుడు తప్పు. పెద్ద ఫ్యానుకు పెట్టేది చిన్న దానికి పెట్టిన. అది రొంపిల కాలేసినట్టు తిరగలేక తిరిగింది. ఒక్కపారి ఇయ్యి బిడ్డా," అన్నాను. ఆమె నేల చూసింది. బుచ్చవ్వ మధ్యలోకి వచ్చింది.

"ఇయ్యవే. ఇప్పుడేమన్న నడుస్తుందా అది? నడువనిది ఇంకేం చెడిపోతది? షాపోడు ఎట్లాగూ ఇరవై మూడు అన్నడు."

నా తరఫున మాట్లాడిందో, నా పరువు తీసిందో ఇంకా తేల్చుకోలేదు. జమున ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, అక్కడే పీట వేసుకుని కూర్చుంది. కాపలా.

మెడికల్ షాపు స్పిరిట్‌తో గ్రీజంతా కడిగాను. చెవిలో తిప్పుకునే దూది పుల్లలు పన్నెండు పట్టాయి. బుచ్చవ్వ కుట్టుమిషన్ నూనె సూది మొన మీద ఒక్క చుక్క. రెండో చుక్కకు చెయ్యి పోయింది. ఆపుకున్నాను.

అడుగు మూత వేయకుండా, వైర్లు మాత్రం తగిలించి, జమునతో స్విచ్ వేయించాను. స్క్రూడ్రైవర్ పిడి పళ్ళ మధ్య కరిచి, కొసను ఫ్యాను చట్రానికి ఆనించి కళ్ళు మూసుకున్నాను.

"అత్తమ్మా, మామయ్య దాన్ని కొరుకుతుండు," అంది జమున.

సన్నటి జిల్లు దవడలోకి వచ్చింది. ఆపమన్నాను. ఆగేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది, ఏ ఫ్యానుకైనా. వేగం తగ్గుతుంటే ఆ జిల్లు విడివిడిగా విడిపోయింది. చుట్టుకు ఒక్క తట్టు. చుట్టుకు ఒక్కటి. రెక్క ఎక్కడో తగులుతోంది. దుమ్ము కాదు, బేరింగు ఒక్కటే కాదు. ఫ్యాను మీది పలుచటి రేకు ఒక చోట కందిపప్పంత లోపలికి నొక్కుకుపోయి ఉంది. సంచిలో బరువు మీద పడి ఉంటుంది. వేలు పెట్టి వెతికితే దొరికింది, కంటికి కనపడేది కాదు.

రేకు ఊడదీసి, చెంచా వీపుతో లోపలి వైపు నుంచి నొక్కి సరిచేశాను. బిగించాను. మళ్ళీ కరిచాను. తట్టు లేదు.

కానీ తట్టు లేదన్నది నా పళ్ళ మాట. జమునకు కావలసింది చెవుల మాట.

జూన్ 20, గురువారం

పోయిన శనివారం "చప్పుడు: లేదు" అని రాశానే, ఆ గడి కొట్టేశాను. ఈ పుస్తకంలో కొట్టివేత ఇది ఒక్కటే.

బుచ్చవ్వ బియ్యం ఏరుతుంటే ల్యాప్‌టాప్ తీసుకుపోయి పక్కన కూర్చున్నాను.

"దీన్ని విని చెప్పు," అన్నాను.

"నువ్వు వినరాదు?"

"నాకు వినరాదు."

ఇంకో రెండు రాళ్ళు ఏరి పారేసింది. తర్వాత చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నాకు ఎదురుగా జరిగి కూర్చుంది.

"ఎనిమిదేండ్లయింది నాకు ఎరుకై," అంది. "నేను తిట్టిన తిట్లల్ల సగం నీకు అందనే లేదు. మొత్తం దండుగ."

"మంచిదే అయింది."

"మంచిదే. పెట్టు, వింట."

నడిపించాను. ఆమెకు ఫ్యాను గురించి ఏమీ తెలియదు, అందుకే ఆమె చెప్పినది చెప్పినట్టు గడిలో ఎక్కించాను. ఒక్క నిమిషానికి: ఏం లేదు. ఐదు నిమిషాలకు: తేనెటీగ దూరంగా పోతున్నట్టు. పదికి: గంతే. ఇరవైకి: "గంతే అంటున్న గద, ఎన్నిసార్లు అడుగుతవయ్యా." ముప్పైకి: గంతే, అన్నం మాడుతుంది, లేస్తున్న.

అడుగున చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చన. ఆ గడి మాత్రం నాది.

జూన్ 21, శుక్రవారం

దిండు మీద పెట్టొద్దని, అడుగున గాలి ఆడేట్టు నాలుగు కాళ్ళ పీట ఒకటి చేశాను. బొత్తిగా అందంగా లేదు. జమున తీసుకుంది.

సంపత్ వీడియోలో వచ్చాడు. నలభై నిమిషాలు నడిచింది, ఆగలేదు. "ఇయ్యాల గిర్ని బందైందా?" అన్నాడట. జమున చెప్పింది, నా ఎదురుగా వచ్చి, కొంచెం గట్టిగా. ఆమె కూడా గోడవైపు తిరగడం మానేసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే.

డాక్టర్ దగ్గరకు పోదామని బుచ్చవ్వ. పోను అన్నాను. ఏం చెబుతాడు, ఫ్యాను దగ్గర నిలబడ్డావా అంటాడు. నిలబడ్డాను.

జూన్ 22, శనివారం

పదకొండుకు ఐదు నిమిషాల ముందు జమున తలుపు దగ్గరగా వేసుకుంది. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కూరగాయల బండి వస్తే చెయ్యి ఊపి అవతలికి పంపాను. వాడు మైకు పెట్టుకుని తిరుగుతాడని బుచ్చవ్వ ముందే చెప్పింది. బక్కయ్య వచ్చాడు, వేలు పెదవుల మీద పెట్టి చూపించాను. "నువ్వు నాకు చెప్తున్నవా," అన్నట్టు నవ్వి, పక్కన, తన మంచి చెవి ఇటు పెట్టి కూర్చున్నాడు.

కిటికీలోంచి జమున కనపడుతోంది. చెయ్యి తిప్పుతోంది, అక్షరం గాలిలో గీస్తోంది, ఒకసారి నవ్వింది. పదకొండూ పదికి, పదకొండున్నరకు బక్కయ్యను చూశాను. రెండుసార్లూ తల అడ్డంగా ఊపాడు. అంటే ఏమీ వినపడటం లేదని. పదకొండూ నలభైకి ఆమె చేతులు ఆగిపోయాయి, స్క్రీన్ వైపు వంగి చూస్తోంది. ఆగిపోయిందనుకుని లేచాను. బక్కయ్య నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. అవతలివాళ్ళు మాట్లాడుతున్నారట.

పన్నెండుకు తలుపు తీసి బయటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఏదో అంది. బుచ్చవ్వ కొంగు నోటికి పెట్టుకుంది. బక్కయ్య ఏదో అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఊఁ అనబోయాను.

"నాకు వినరాలే బిడ్డా. మళ్ళ చెప్పు," అన్నాను.

మెట్టు దిగి, నా ముందుకు వచ్చి, మళ్ళీ చెప్పింది. సోమవారం నుంచి రోజుకు రెండు క్లాసులు ఇచ్చారట.